ఉడత ముందు కుప్పిగంతులు

ఈవారం మీకొక యుద్ధం గురించి చెప్పాలి. కంగారుపడకండి. పత్రికల మొదటి పేజీలో పెద్దక్షరాలతో పడే యుద్ధం కాదు. మా ఇంటి పెరటి వసారాలో, కాఫీ వేళకి మొదలై దీపాలవేళకి విరామం ఇచ్చుకుంటూ, సుమారు మూడు నెలలపాటు సాగిన యుద్ధం. ఒక పక్షాన నేను. ముప్ఫై నాలుగేళ్ళు పిల్లలకి తెలుగు చెప్పి రిటైరైన మేష్టర్ని. ఛందస్సు, వ్యాకరణం, అలంకారాలు కంఠతా వచ్చినవాణ్ణి. రెండో పక్షాన ఒక ఉడత. దాని బరువు సుమారు నూరు గ్రాములు. దానికి ఛందస్సు రాదు.

ఎవరు గెలిచారో చివర్న మీరే తేల్చుదురుగాని. ముందు తగవు ఎందుకొచ్చిందో వినండి.

మాది కోనసీమలో, అమలాపురం దగ్గర ఒక పల్లె. మావైపు ఇళ్ళలో వరికుచ్చులు కట్టే ఆచారం ఉన్నదని తెలియనివాళ్ళకోసం రెండు ముక్కలు చెబుతాను. సార్వా చేను కోతకొచ్చినప్పుడు మంచి కంకులు ఏరి, మూరెడు కాడతో కోసి తెస్తారు. కాడలు తడిపి మెత్తబరచి, వరసమీద వరసగా జడలాగ అల్లుకుంటూ పోతే, కంకులన్నీ బయటికి జారి, బంగారపు గొడుగు ముడిచి తలకిందులుగా వేలాడదీసినట్టు తయారవుతుంది. దాన్ని వసారా దూలానికి కడతారు. గుళ్ళో మండపానికీ కడతారు. చూసేవాళ్ళకి అది అలంకారం. పిచ్చుకలకి మాత్రం అది విస్తరి.

వెనక ఇది పెద్ద పని కాదు. కుప్ప నూర్చే ముందు నాలుగు పిడికిళ్ళు పక్కన పెడితే సరిపోయేది. ఇప్పుడు కోతయంత్రం చేలోకి దిగి, ఇటు కోసి అటు ధాన్యం రాల్చి పోతున్నది. కంకి కంకిగా ఇంటికి రావడమే లేదు. అంచేత యంత్రం రాకముందే ఆసామిని బతిమాలి, గట్టుపక్కన నాలుగు దుబ్బులు కోసుకొని తెచ్చుకోవాలి. ఆ బతిమాలడం నా వంతు. అల్లడం మా అమ్మ వంతు.

అమ్మకి ఎనభై ఆరేళ్ళు. నిరుడు కార్తీకమాసంలో నూతిగట్టు దగ్గర కాలుజారి తుంటి ఎముక విరిగింది. ఆపరేషను చేశారు. ప్రాణానికి భయం లేదన్నారు గాని నడక మాత్రం తిరిగి రాలేదు. పెరటివైపు వసారాలో మంచం వేయించుకొని అక్కడే ఉంటున్నది. ఆ ఇంటిని అరవై ఏళ్ళు తన కాళ్ళమీద నడిపించిన మనిషి, ఇవాళ మంచినీళ్ళకి కూడా ఇంకొకర్ని పిలవాలి. నోరు విప్పి ఏమీ అనదు. అనకపోవడమే మాకు కష్టంగా ఉండేది.

కంకులు తెచ్చి మంచంమీద పెట్టగానే ఆవిడ ముఖం విచ్చుకున్నది. కాళ్ళు పోయినా చేతులున్నాయి కదా! నాలుగు రోజులు కూర్చుని, మునపటికంటె పెద్దదే అల్లింది. సంక్రాంతి ముందు రోజు, అంటే భోగినాడు, మంచానికి ఎదురుగా దూలానికి కట్టాను. మర్నాటినుంచి పిచ్చుకలు దిగాయి.

"పదకొండొచ్చాయిరా అబ్బాయ్" అన్నది అమ్మ.

అది మొదలు ఆవిడకి అదే గడియారం. పొద్దున్నే లెక్క. "పదకొండూ వచ్చాయా?" అని ఎవరైనా అడిగితే సంతోషం. నల్ల కంఠంవాడు మగపిచ్చుక, వాడికి పొగరెక్కువ. ఎడమకాలు కాస్త ఈడ్చేది ఇంకోటి. దానిమీద ఆవిడకి పక్షపాతం. కారణం నేను అడగలేదు, మీరూ అడగకండి. పిచ్చుక ముక్కుతో గింజని నొక్కి, పొట్టు కిందికి వదిలి, బియ్యం మింగడం చూస్తూ, "దంపుడు పాట ఒక్కటే తక్కువ" అనేది.

ఇలా వారం రోజులు గడిచాయి. ఎనిమిదో నాడు ఉడత వచ్చింది.

ఉడతలు మాకు కొత్తవి కావు. పెరట్లో జామచెట్టు ఉన్నది, కొబ్బరి చెట్లున్నాయి. అయితే ఇది మామూలుగా వచ్చి గింజ తిని పోయిన ఉడత కాదు. దూలంమీద నడిచి వచ్చి, తాడు పట్టుకొని తలకిందులుగా దిగి, కంకిని కాడతో సహా కొరికి కింద పడెయ్యడం మొదలుపెట్టింది. పది కంకులు కింద పడ్డాక తాపీగా దిగి, వెనక్కాళ్ళమీద కూర్చుని, రెండు చేతులతో పట్టుకొని, గింజ గింజా ఒలుచుకు తిన్నది. ఆ తినడంలో మర్యాద చూస్తే శ్రాద్ధభోక్త గుర్తుకొచ్చాడు. రెండు పొద్దులు తిరిగేసరికి కుచ్చులో సగం లేదు. పిచ్చుకలు జామకొమ్మమీద కూర్చుని గోల చేస్తున్నాయి. నాలుగు రోజుల అమ్మ కష్టం నేలమీద పొట్టయి ఉన్నది.

నాకు కోపం వచ్చింది. ముప్ఫై నాలుగేళ్ళు "ఉడతాభక్తి" అన్న మాటకి అర్థం చెప్పి, సొంతవాక్యంలో ప్రయోగించమని పిల్లల్ని వేధించినవాణ్ణి నేను. సేతువు కట్టేటప్పుడు ఉడత ఇసుక మోసిందనీ, రాముడు వేళ్ళతో దాని వీపు నిమిరాడనీ, ఆ వేళ్ళ గుర్తులే మూడు చారలనీ చెప్పేవాణ్ణి. ఈ కథ వాల్మీకంలో లేదు. మన గోన బుద్ధారెడ్డి రంగనాథ రామాయణంలో ఉన్నది. ఆ పూట మాత్రం, రాముడు నిమరడానికి బదులు ఒకటి వెయ్యవలసింది అనిపించింది.

మొదటి ఉపాయంగా తాడు తీసేసి సన్నటి ఇనుపతీగ కట్టాను. తాడైతే గోళ్ళకి పట్టు దొరుకుతుంది, తీగైతే జారుతుందని నా ఊహ. ఉడత ఒక్క క్షణం తీగని వాసన చూసి, సర్రున దిగింది. తరవాత చదివితే తెలిసింది: మన మూడు చారల ఉడతకి 1766లో లిన్నేయస్ పండితుడు శాస్త్రీయనామం పెట్టాడు. 1835లో లెస్సన్ అనే ఆయన దాని జాతికి "ఫునాంబులస్" అని పేరు పెట్టాడు. లాటిన్‌లో ఆ మాటకి అర్థం తాడుమీద నడిచేవాడని! దొమ్మరివాడి ముందు గడ పాతి, ఎక్కొద్దని చెప్పినట్టయింది నా పని.

రెండో ఉపాయం డబ్బా. కిరసనాయిలు డబ్బాకి తాడు కట్టి, రెండో కొస అమ్మ చేతికిచ్చాను. ఉడత వస్తే లాగాలి. ఆవిడ రెండుసార్లు లాగింది. ఉడత సంగతేమో గాని, పిచ్చుకలు ఆ రోజంతా రాలేదు. మూడోనాటికి ఉడతకి డబ్బా చప్పుడు అలవాటైంది. పిచ్చుకలకి కాలేదు. ఇక్కడే నాకు బుద్ధి రావలసింది. రాలేదు.

ఈలోగా న్యూజెర్సీలో ఉన్న మా అబ్బాయికి ఫోనులో ఈ గొడవంతా చెప్పాను. వాడు నవ్వి, "నాన్నగారూ, ఇక్కడ ఇంటింటా ఇదే భాగోతం" అన్నాడు. అమెరికాలో పెరట్లో పక్షులకి గింజలపెట్టె కట్టడం పెద్ద సరదా. అక్కడి బూడిదరంగు ఉడత మన ఉడతకి నాలుగైదింతలుంటుంది. అరకిలో బరువు తూగుతుంది. దాన్ని 1876లో ఇంగ్లండులో చెషైరు ప్రాంతానికి తెచ్చి వదిలారు. అక్కడ అది పెరిగి పెరిగి, ఆ దేశపు ఎర్ర ఉడతకే చాలాచోట్ల నిలవనీడ లేకుండా చేసింది. ఇహ గింజలపెట్టెల సంగతి చెప్పాలా? పెట్టెలనుంచి ఉడతల్ని తప్పించడానికి నూటొక్క ఉపాయాలంటూ బిల్ అడ్లర్ జూనియర్ అనే ఆయన 1988లో పుస్తకమే వేశాడట. ఒక రోగానికి నూటొక్క మందులున్నాయంటే అర్థమేమిటో వైద్యుల్ని అడిగి చూడండి. ఏ ఒక్కటీ పూర్తిగా పనిచెయ్యదని!

వాడు ఊరుకోలేదు. నెల తిరక్కుండా పార్సెలు వచ్చింది. ఆకుపచ్చరంగు రేకు పెట్టె. లోపల గింజలు, ముందు వాలడానికి ఒక కమ్మీ, ఆ కమ్మీ కింద స్ప్రింగు. పక్షి వాలితే తలుపు తెరిచే ఉంటుంది. ఉడత ఎక్కితే దాని బరువుకి కమ్మీ కుంగి, తలుపు మూసుకుపోతుంది. చాలా తెలివైన ఏర్పాటు. మా వీధివాళ్ళందరూ వచ్చి చూసిపోయారు. కట్టిన మర్నాడు ఉడత వచ్చి కమ్మీమీద కూర్చుని కడుపునిండా తిని వెళ్ళింది. తలుపు కదల్లేదు. కదలదు కూడా. అది అరకిలో దొంగకోసం బిగించిన స్ప్రింగు. మన దొంగ నూరు గ్రాములు!

స్ప్రింగు సడలించడానికి ఒక మర ఉన్నది. సడలించాను. ఇప్పుడు నూరు గ్రాములకి తలుపు పడుతుంది. శభాష్ అనుకున్నాను. మర్నాడు పొద్దున్న అమ్మ పకపకా నవ్వుతున్నది. చూద్దును గదా, నాలుగు పిచ్చుకలు ఒకేసారి కమ్మీమీద వాలాయి, తలుపు టక్కున మూసుకున్నది. పిచ్చుక ఒక్కటీ పాతిక ముప్ఫై గ్రాములు. నాలుగు కలిస్తే ఒక ఉడత. అవి ఎగిరిపోతే తెరుచుకుంటుంది, వాలితే మూసుకుంటుంది. పిచ్చుక ఒంటరిగా తినే జాతి కాదాయె. బంతిగా కూర్చోనిదే దానికి ముద్ద దిగదు. ఆ పెట్టెలో ఇప్పుడు మా ఆవిడ మేకులూ పిన్నీసులూ దాచుకుంటున్నది.

ఆ తరవాత కారం ప్రయోగం. ఇది నా స్వకపోలకల్పితం కాదు. దీని వెనక పెద్ద శాస్త్రమే ఉన్నది. చిలక పచ్చిమిరపకాయని కసకసా కొరికి తినడం మీరందరూ చూసే ఉంటారు. దానికి కారం తగలదు. నాలిక మొద్దు కాబట్టి కాదు. మిరపలో ఉండే కాప్సైసిన్ అనే పదార్థం, మన నరాల్లో వేడిని పసిగట్టే ఒక గ్రాహకాన్ని మీటుతుంది. నోరు కాలుతున్నదని మెదడు భ్రమపడుతుంది. ఆ గ్రాహకాన్ని 1997లో డేవిడ్ జూలియస్ బృందం కనిపెట్టింది. 2021లో ఆయనకి నోబెల్ బహుమతి పంచారు. పక్షుల్లో ఆ గ్రాహకం కాప్సైసిన్‌కి పలకదు. మిరప మొక్క ఎత్తు కూడా అదేనట. పాలిచ్చే జంతువు తింటే విత్తును నమిలి పాడుచేస్తుంది. పక్షి గుటుక్కున మింగి, దూరాన ఎక్కడో రెట్టతో విత్తుతుంది. అందుకని మొక్క ఒకరికి కారం పెట్టి, ఇంకొకరికి పండు పెట్టింది. మన పెళ్ళిళ్ళలో వడ్డనకి వచ్చిన మేనమామల పద్ధతి!

గుంటూరు మిరప ఉన్న రాష్ట్రంలో ఉండి ఈ ఉపాయం వాడకపోవడం తప్పనిపించింది. రెండు చెంచాల కారం నూనెలో కలిపి కంకులకి పట్టించాను. ఉడత వచ్చింది, ఒక గింజ నోట పెట్టింది, రెండు చేతులతో మూతి తుడుచుకున్నది, చెట్టెక్కి చిక్ చిక్‌మని తోక ఆడిస్తూ నన్ను తిట్టింది. పిచ్చుకలు హాయిగా తిన్నాయి. అరపూట నేను దేశాన్ని జయించినవాడిలాగ తిరిగాను. మధ్యాహ్నం పడమటిగాలి లేచింది. ఎండి రాలిన కారం పొట్టు అమ్మ కళ్ళలో పడింది. ఆవిడ లేచి ముఖం కడుక్కోలేదు కదా. మా ఆవిడ చెంబుతో నీళ్ళు తెచ్చి కళ్ళు కడుగుతూ, "ఏవండీ, ఇంట్లో పాలిచ్చే జాతివాళ్ళం మేమూ ఉన్నాం" అన్నది. దానికి నా దగ్గర జవాబు లేదు. అదీగాక రెండో రోజున ఉడత గింజని జాగ్రత్తగా ఒలిచి, కారం అంటిన పొట్టు పారేసి, లోపలి బియ్యం తినడం నేర్చుకున్నది.

ఇక్కడిదాకా మీరు నవ్వుతూ చదివి ఉంటారు. ఇక ముందుది నవ్వే సంగతి కాదు. రాయకుండా వదిలేద్దామనుకున్నాను గాని, ఈ పేజీలో మీకు నా గొప్పలు మాత్రమే చెప్పడం న్యాయం కాదు.

పట్టుదల మనిషిని ఎక్కడిదాకా తీసుకుపోతుందో చూడండి. ఎలకలకి పెట్టే జిగురట్టలు బజారులో అమ్ముతారు. అట్టమీద పాకం లాంటి జిగురు ఉంటుంది. కాలు పెడితే ఊడి రాదు. ఒకటి కొని తెచ్చి, రాత్రి అందరూ పడుకున్నాక, ఉడత నడిచి వచ్చే దూలంమీద పరిచాను. ఉడత దొరికితే దూరంగా తోటలో వదిలేస్తానని నాకు నేనే చెప్పుకున్నాను. జిగురులో దొరికిన ప్రాణిని ఎలా విడిపిస్తారో, విడిపించాక అది ఎలా బతుకుతుందో ఆలోచించలేదు. ఆలోచించలేదంటే అబద్ధం. ఆలోచించకుండా జాగ్రత్తపడ్డాను.

తెల్లవారకముందే అమ్మ కేక వినిపించింది. ఉడతకంటె ముందు పిచ్చుకలు లేస్తాయి. కుచ్చుమీద వాలబోయే ముందు ఒకసారి దూలంమీద ఆగి అటూ ఇటూ చూడడం వాటి అలవాటు. రోజూ చూస్తున్నవాణ్ణి, నాకా సంగతి తట్టలేదు. జిగురట్టమీద పిచ్చుక. రెండు కాళ్ళు, ఒక రెక్క, పొట్టకింద ఈకలు మొత్తం అతుక్కుపోయి, మిగిలిన రెక్క కొట్టుకుంటున్నది.

అట్ట దించి తెచ్చాను. నా చేతులు వణుకుతున్నాయి. "ఇలా ఇయ్యి" అన్నది అమ్మ. వంటనూనె తెప్పించింది. నూనె రాస్తే ఆ జిగురు వదులుతుందని ఆవిడకి ఎవరు చెప్పారో తెలియదు. వంటింట్లో బతికిన చేతులకి తెలుస్తుంది కాబోలు. వేలికొసతో చుక్క చుక్క రాస్తూ, ఈక ఈకా విడదీస్తూ, గంటసేపు పట్టింది. శనగపిండితో నూనె అద్ది, పాత పంచె ముక్కలో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నది. నూనె తడిసిన ఈక చలికి ఆగదు, ఎగరడానికి పనికిరాదు. మధ్యాహ్నం భోజనాలవేళకి దాని తల వాలిపోయింది.

అది ఎడమకాలు ఈడ్చే పిచ్చుకేనా అని నేను చూడలేదు. అమ్మ చూసింది గాని చెప్పలేదు.

సాయంత్రందాకా ఆవిడ మాట్లాడలేదు. దీపం పెట్టేవేళ నన్ను పిలిచి, నెమ్మదిగా అన్నది: "ఉడతకి నీ సంగతి తెలుసురా. నువ్వు పెట్టింది ఏదైనా అది వాసన చూసి మరీ అడుగేస్తుంది. పిచ్చుకకేం తెలుసు? మనిల్లు కదా అనుకొని వచ్చింది."

చదువుకున్నవాణ్ణి, సమాధానం చెప్పడం వృత్తిగా బతికినవాణ్ణి. ఏం చెప్పను? మూడు నెలలు చేసిన పనంతా ఒక్కసారి కళ్ళముందు తిరిగింది. డబ్బా కొడితే బెదిరింది పిచ్చుక. తలుపు పడితే పస్తున్నది పిచ్చుక. కారం చల్లితే మండింది అమ్మ కళ్ళు. జిగురు పెడితే పోయింది పిచ్చుక ప్రాణం. దొంగకోసం గుమ్మంలో పరిచిన ముల్లు, నమ్మి వచ్చే చుట్టం కాలికే ముందు గుచ్చుకుంటుంది. దొంగ చూసుకు నడుస్తాడు.

జిగురట్టలు మిగిలినవి పొయ్యిలో పెట్టాను. కుచ్చు విప్పేశాను. నాలుగు రోజులు వసారా బోసిపోయింది.

అయిదో రోజున మా పక్కవీధి ఓడతాత అమ్మని పలకరించడానికి వచ్చాడు. ఆయన అసలు పేరు ఊళ్ళో చాలామందికి తెలియదు. విశాఖపట్నం హార్బరులో ఖలాసీగా చేసి వచ్చాడు కాబట్టి అందరికీ ఓడతాతే. జరిగిందంతా విని, చుట్ట ఆర్పి చెవిమీద పెట్టుకొని, "ఇదేం పెద్ద పనండీ మేష్టారూ! ఓడ మోకుకి పళ్ళెం తొడగరేటండీ, ఆయ్!" అన్నాడు.

రేవులో ఆగిన ఓడని పెద్ద పెద్ద మోకులతో ఒడ్డుకి కడతారు. ఎలకకి ఆ మోకు రాజమార్గం. అందుకని మోకు మధ్యలో గుండ్రటి రేకు పళ్ళెం తొడుగుతారు. ఎలక అక్కడిదాకా వచ్చి, నున్నటి రేకు ఎక్కలేక, చుట్టూ తిరిగి దాటలేక, వెనక్కి పోతుంది. దాన్ని ఎవరూ చంపలేదు, భయపెట్టలేదు. దారి లేదని మర్యాదగా చెప్పారు, అంతే. ఎలకలు ఎక్కకుండా కొబ్బరిచెట్టు మానుకి నున్నటి రేకు చుట్టడమూ ఇదే కిటుకు. నేను పుట్టి పెరిగింది కొబ్బరిచెట్ల మధ్య. నాకు న్యూజెర్సీ తట్టింది గాని ఇది తట్టలేదు.

ఇద్దరం కలిసి ఏర్పాటు చేశాం. చేసుకోదలచినవారికోసం లెక్కలు ఇస్తున్నాను. ఎనిమిదడుగుల నున్నటి ఇనుప గొట్టం ఒకటి నేలమీద నిలబెట్టాం, పాతిన భాగం కాక. పైకొస కొంగమెడలాగ వంచి, దానికి కుచ్చు వేలాడదీశాం. నేలకి అయిదడుగుల ఎత్తున, అడుగున్నర వెడల్పుగల రేకుని గరాటాలాగ చుట్టి, మూతి కిందికి ఉండేటట్టు గొట్టానికి తొడిగాం. ఉడత కిందినుంచి ఎక్కితే గరాటా లోపలికి పోయి ఆగుతుంది. కుచ్చుపైన ఒక పాత సత్తు బేసిను బోర్లించాం. అది వానకి గొడుగు.

అన్నిటికంటె ముఖ్యం దూరం. అమెరికావాళ్ళు ఉడతకి "అయిదు, ఏడు, తొమ్మిది" అని ఒక సూత్రం చెప్పుకుంటారు. నేలనుంచి అయిదడుగులు పైకి, పక్కకి ఏడడుగులు, పైనుంచి కిందికి తొమ్మిదడుగులు దూకుతుందని. అది వాళ్ళ అరకిలో ఉడత సంగతి. మనది చిన్నది, అంత దూకలేదు. అయినా దాన్ని తక్కువ అంచనా వేసే రోజులు నాకు గడిచిపోయాయి కాబట్టి, జామచెట్టుకీ, గోడకీ, వసారా స్తంభానికీ పదేసి అడుగుల దూరంలో పాతాం. అమ్మ మంచంమీదనుంచి మాత్రం కనపడాలి. చాటున పిల్లి మాటువెయ్యకుండా దగ్గర్లో పొదలేవీ ఉంచలేదు.

మిగిలిన కంకులతో అమ్మ చిన్న కుచ్చు అల్లింది. ఈసారి రెండు రోజులు చాలాయి.

ఉడత పరీక్షకి వచ్చింది. మొదటిరోజు గొట్టం ఎక్కి గరాటాలో తల కొట్టుకొని దిగింది. రెండోరోజు జామకొమ్మ చివరికి వచ్చి, తల పైకీ కిందికీ ఆడిస్తూ దూరం కొలుచుకొని, దూకి, బంతిమొక్కల్లో పడి, దులుపుకొని పోయింది. మూడోరోజు కుచ్చుమీద ఉన్నది! మేమిద్దరం తెల్లబోయి వెతికితే, మా ఆవిడ చీరలారేసే తీగ గొట్టానికి మూడు మూరల దూరంలోనుంచి పోతున్నది. తాడుమీద నడిచేవాడికి తాడు మేమే కట్టి ఇచ్చాం. తీగ అటువైపు మార్చాం. నాలుగోరోజునుంచి ఉడత కిందనే ఉంటున్నది.

కిందనే ఎందుకు ఉంటున్నదంటే, దాని వాటా అక్కడ ఉన్నది. పిచ్చుకలు తినేదెంతో రాల్చేదీ దాదాపు అంతే. గొట్టం మొదట కూర్చుని, రాలిన గింజలు ఏరుకొని, రెండు చేతులతో ఒలుచుకు తింటున్నది. పైవాళ్ళు వడ్డిస్తున్నారు, కిందవాడు భోంచేస్తున్నాడు. చీకటి పడేలోగా మా ఆవిడ అక్కడ తుడిచేస్తున్నది, లేకపోతే రాత్రి ఎలకలు చేరతాయి. ఒక మట్టి మూకుట్లో నీళ్ళు పెట్టి రోజూ మారుస్తున్నాం. పెరట్లో పురుగుమందు కొట్టడం మానేశాం; పిచ్చుక తను గింజ తిన్నా, గూట్లో పిల్లలకి పురుగే పెట్టి పెంచాలి కదా. ఇవన్నీ ఓడతాత చెప్పలేదు, పుస్తకాలూ నేర్పలేదనను గాని, చెయ్యాలన్న బుద్ధి మాత్రం ఆ జిగురట్ట తరవాతే వచ్చింది.

పిచ్చుకలు వెంటనే రాలేదు. వారం రోజులు జామచెట్టుమీద కూర్చుని చూశాయి. అమ్మ రోజూ పొద్దున్నే అటే చూస్తూ పడుకునేది. నేను ఆవిడ ముఖం చూడకుండా పేపరు చదివేవాణ్ణి. ఎనిమిదోనాడు నల్ల కంఠంవాడు దిగాడు. వాడి వెనక ఇద్దరు. తరవాత తక్కినవాళ్ళు.

మొన్న ఆదివారం పొద్దున్న కాఫీ ఇవ్వడానికి వెళితే అమ్మ వేళ్ళు మడిచి లెక్కపెడుతున్నది.

"ఎన్నమ్మా?" అన్నాను. ఆ రోజు తరవాత ఆ ప్రశ్న అడగడం అదే మొదటిసారి.

"పదకొండు" అన్నది.

నేను పరకాయించి చూశాను. రెండుసార్లు లెక్కపెట్టాను. కుచ్చుమీద పదే ఉన్నాయి. అమ్మ నావంక చూసి, గొట్టం మొదట కూర్చుని తింటున్నదాన్ని గడ్డంతో చూపించింది.

నేను లెక్కల మేష్టర్ని కాను. ఎదురు చెప్పలేదు.